సెలవు ఉన్నా వాడుకోలేని పోస్ట్‌మ్యాన్: సిక్ లీవు గొడవల వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా: అమెరికా పోస్టల్ సర్వీసులో పర్మనెంట్ లెటర్ క్యారియర్‌కు (మన పోస్ట్‌మ్యాన్ లాంటివాడికి) ఏడాదికి 13 రోజుల సిక్ లీవు ఉంది. వెనక గట్టి యూనియన్ ఉంది. అయినా జ్వరంతో ఇంట్లో పడుకున్నవాళ్లకు మెమోలు వస్తూనే ఉంటాయి. సూపర్‌వైజర్ల దురుసుతనం ఇందులో కొంత పాత్ర వహిస్తుంది. అంతకన్నా పెద్ద కారణం, ఒకరు రాకపోతే ఆ పని చూసుకునే మనిషి లేకుండా సిబ్బంది లెక్క వేయడం. అనారోగ్యపు రోజు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది బ్రిటన్‌లో ఒకలా, మన పల్లె పోస్టాఫీసుల్లో ఇంకోలా, హైదరాబాద్ డెలివరీ బైకుల మీద మరోలా తేలుతోంది.

తెల్లవారుజామున ఒక ఫోన్ కాల్

అమెరికాలో ఉత్తరాలు, పార్సిళ్లు బట్వాడా చేసే ఉద్యోగి ఒంట్లో బాగాలేక లేచాడనుకుందాం. అతను సూపర్‌వైజర్‌తో మాట్లాడే పని లేకుండా ఒక ఆటోమేటెడ్ లైన్‌కు ఫోన్ చేయవచ్చు. ఎనిమిదంకెల ఉద్యోగి నంబరు నొక్కాలి. ఎన్ని గంటలు రాలేనో చెప్పాలి. డ్యూటీలో తగిలిన దెబ్బా, కుటుంబ వైద్య సెలవు చట్టం కింద వచ్చేదా అని యంత్రం అడుగుతుంది. చివర్లో ఒక కన్ఫర్మేషన్ నంబరు ఇస్తుంది. దాన్ని రాసి పెట్టుకోమని యూనియన్ వాళ్లు కొత్తవాళ్లకు మొదటే చెబుతారు.

ఆ కాల్ కాస్తా ఆఫీసులో 3971 అనే ఫారంగా మారుతుంది. సెలవు మంజూరైందా లేదా, ముందే అనుకున్నదా అనుకోనిదా అన్నది అందులో నమోదవుతుంది. జ్వరం ముందు చెప్పి రాదు కాబట్టి సిక్ కాల్ దాదాపు ఎప్పుడూ ‘అన్‌షెడ్యూల్డ్’ కిందే పడుతుంది. గొడవంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

తర్వాతి కాగితం 3972. ఏడాది మొత్తాన్ని ఒకే పేజీలో గళ్లుగా చూపించే హాజరు చార్ట్ అది. రాని రోజు గడిలో ఏ రకం సెలవో గుర్తు పడుతుంది. వారపు సెలవుకు ముందో వెనకో ఉన్న గళ్లు, పండగ పక్కన ఉన్న గళ్లు వరసగా కనిపిస్తే సూపర్‌వైజర్ దాన్ని ‘ప్యాటర్న్’ అంటాడు. సోమవారం వచ్చిన ఫ్లూకీ సోమవారం ఎగ్గొట్టిన డ్యూటీకీ ఆ గడిలో తేడా కనబడదు. ఆ తేడా చెప్పాల్సింది మనిషి. అతన్ని అడిగే సమయానికి చాలాసార్లు చార్ట్ చూసి ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉంటారు.

మంజూరైన సెలవు కూడా నేరం ఎలా అవుతుంది

పర్మనెంట్ ఉద్యోగికి రెండు వారాల జీతం విడతకు నాలుగు గంటల చొప్పున సిక్ లీవు జమవుతుంది. ఏడాదికి 13 రోజులు. వాడకపోతే పోదు, పేరుకుంటుంది. పదేళ్లు, ఇరవయ్యేళ్లు పనిచేసినవాళ్ల ఖాతాలో వందల గంటలు ఉండటం మామూలే.

మూడు రోజులు లేదా అంతకంటే తక్కువ రాకపోతే సాధారణంగా ఉద్యోగి మాటే చాలని పోస్టల్ మాన్యువల్ చెబుతుంది. మూడు రోజులు దాటితే డాక్టర్ కాగితం కావాలి. అయితే ఇందులో ఒక మినహాయింపు ఉంది. సంస్థ ప్రయోజనాల కోసం అవసరమని సూపర్‌వైజర్ భావిస్తే ఒక్క రోజుకైనా మెడికల్ సర్టిఫికెట్ అడగవచ్చు. సెలవును దుర్వినియోగం చేస్తున్నారని అనుమానం ఉన్నవాళ్లను ప్రత్యేక జాబితాలో పెట్టే పద్ధతి కూడా ఉంది. ఆ జాబితాలో చేరితే ప్రతి సిక్ కాల్‌కూ కాగితం చూపించాల్సిందే.

కాగితం అడగడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ కడుపు నొప్పితో పడుకున్న మనిషి అదే రోజు అపాయింట్‌మెంట్ దొరికే డాక్టర్‌ను వెతుక్కోవాలి. లేకపోతే అర్జెంట్ కేర్‌కు వెళ్లి, ఇన్సూరెన్స్ పోగా మిగిలిన ఫీజు కట్టాలి. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ బాధ తెలిసిందే. ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే తగ్గే జలుబు కోసం ఇదంతా పడటం కన్నా మందు బిళ్ల వేసుకుని డ్యూటీకి పోవడమే మేలనిపిస్తుంది.

అదే మాన్యువల్‌లో ఇంకో నిబంధన ఉంది. ఉద్యోగి తన షెడ్యూల్ పాటించాలి, అనుకోని గైర్హాజరు రాకుండా శక్తిమేరకు ప్రయత్నించాలి అని. యాజమాన్యం వాదన దీని మీదే నిలబడుతుంది. సెలవు మంజూరు కావడం ఒకటి, హాజరు సక్రమంగా ఉండటం ఇంకొకటి అంటుంది. అంటే సిక్ లీవు కింద ఆ రోజు జీతం వస్తుంది, అదే రోజు చార్ట్‌లో తప్పుగానూ నమోదవుతుంది. తప్పులు పోగుపడితే ముందు హెచ్చరిక లేఖ, తర్వాత 7 రోజుల సస్పెన్షన్, ఆ పైన 14 రోజులు, చివరికి తొలగింపు. హక్కుగా ఇచ్చిన సెలవే శిక్షకు సాక్ష్యంగా మారుతోందన్న కార్మికుల ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది.

ఆరుగురు మనుషులు, ముప్పై డ్యూటీలు

సూపర్‌వైజర్ ఇంత పట్టుబట్టడం ఎందుకన్నది సిబ్బంది లెక్కలోకి దిగితే తెలుస్తుంది.

నగరాల్లో సాధారణంగా ఐదు రూట్లను ఒక గుంపుగా పెడతారు. ఉత్తరాలు వారానికి ఆరు రోజులు వెళ్లాలి, అంటే గుంపు మొత్తానికి వారానికి 30 డ్యూటీలు. ఒక్కో రూట్‌కు ఒక పర్మనెంట్ క్యారియర్ ఉంటాడు, అతను పనిచేసేది ఐదు రోజులు. ఐదుగురు కలిసి 25 డ్యూటీలు చేస్తారు. మిగిలిన ఐదింటినీ ఆరో మనిషి చూస్తాడు. ఇవాళ ఒక రూట్, రేపు ఇంకో రూట్, ఎవరి వారపు సెలవు ఉంటే వాళ్ల దారిలో తిరుగుతాడు. అతన్ని ఆఫీసుల్లో ‘టీ-6’ అంటారు.

లెక్క అందంగా సరిపోయింది. ఆరుగురు, తలా ఐదు రోజులు, ముప్పై డ్యూటీలు. జ్వరానికి మాత్రం ఇందులో చోటు లేదు. ఒకరు పడుకుంటే ఆ రూట్‌ను ముక్కలు చేసి మిగతావాళ్లకు పంచాలి, వాళ్లకు ఓవర్‌టైం ఇవ్వాలి, లేదంటే తాత్కాలిక ఉద్యోగిని పిలవాలి. ప్రతి రోజూ ఆఫీసుకు ఎన్ని పని గంటలు పట్టాలో కంప్యూటర్ ముందే అంచనా వేసి పెడుతుంది. ఆ అంచనా దాటితే సూపర్‌వైజర్ తన పైవాళ్లకు సంజాయిషీ ఇవ్వాలి. అడకత్తెరలో పోకచెక్కలా ఉంటుంది అతని పరిస్థితి. పైనుంచి వచ్చే ఒత్తిడిని సిక్ కాల్ చేసినవాడి మీద దించుతాడు.

ఇంకో పరిణామం కూడా ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తమ రూట్ ముగించుకుని ఇంటికి వెళ్లాల్సిన సమయంలో రెండు గంటల అదనపు పని మీద పడితే తోటి ఉద్యోగుల కోపం కూడా మంచాన పడ్డ మనిషి మీదికే మళ్లుతుంది. ఖాళీ పోస్టులు నింపనిది యాజమాన్యం. మాట పడేది జబ్బు చేసినవాడు.

యూనియన్ ఏం చేయగలదు, ఎక్కడ ఆగిపోతుంది

నగర లెటర్ క్యారియర్ల యూనియన్ ఎన్ఏఎల్‌సీ 1889లో మిల్వాకీలో పుట్టింది. అయితే జీతాల మీద బేరమాడే అసలు హక్కు 1970 మార్చి సమ్మె తర్వాతే వచ్చింది. అప్పట్లో సుమారు రెండు లక్షల మంది పోస్టల్ ఉద్యోగులు చట్టాన్ని కాదని పని మానేశారు. న్యూయార్క్‌లో ఉత్తరాలు కదిలించడానికి అధ్యక్షుడు నిక్సన్ సైనికులను దింపారు. ఆ ఏడాదే వచ్చిన పోస్టల్ పునర్‌వ్యవస్థీకరణ చట్టం యూనియన్లకు ఒప్పందం కుదుర్చుకునే హక్కు ఇచ్చింది, సమ్మె హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ రోజు నుంచీ వీళ్ల పోరాటమంతా కాగితం మీదే.

ఆ కాగితానికి బలం లేదనలేం. విచారణకు పిలిచి ప్రశ్నలు వేసేటప్పుడు యూనియన్ ప్రతినిధి పక్కన ఉండాలని కోరే హక్కును అమెరికా సుప్రీంకోర్టు 1975 నాటి వైన్‌గార్టెన్ కేసులో ఖాయం చేసింది. కాకపోతే అది ఉద్యోగి నోరు తెరిచి అడిగితేనే దక్కుతుంది. కంగారులో అడగడం మర్చిపోయి, ‘అవును సార్, ఈ మధ్య ఎక్కువే మానేశాను’ అని ఒప్పేసుకునేవాళ్లు ఉంటారు. ఆ ఒక్క వాక్యం తర్వాత ఫైల్లోకి ఎక్కుతుంది.

శిక్షకు సరైన కారణం చూపించాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. రూలు ఉందా, అది సమంజసమా, అందరికీ ఒకేలా వర్తింపజేశారా, సరిగ్గా విచారించారా, శిక్ష తప్పుకు తగినదా, సకాలంలో వేశారా అని యూనియన్ వరసగా అడుగుతుంది. 14 రోజుల్లోపు మొదటి మెట్టు ఫిర్యాదు వేయాలి. అక్కడ తేలకపోతే పై మెట్టుకు, చివరికి ఇద్దరికీ సంబంధం లేని ఆర్బిట్రేటర్ ముందుకు వెళుతుంది. పక్క రూట్ క్యారియర్ అన్ని రోజులే రాకపోయినా అతనికి మెమో ఇవ్వలేదని చూపించగలిగితే కేసు చాలావరకు గెలిచినట్టే.

1993 నాటి కుటుంబ వైద్య సెలవు చట్టం ఇంకో రక్షణ. 12 నెలల సర్వీసు, అంతకు ముందు ఏడాదిలో 1,250 గంటల పని ఉన్నవాళ్లకు తీవ్రమైన అనారోగ్యానికి 12 వారాల వరకు సెలవు దొరుకుతుంది. దీనికి జీతం ఉండదు. కానీ ఆ రోజులను క్రమశిక్షణ చర్యకు లెక్కపెట్టకూడదు. దీర్ఘకాలిక ఆస్తమా, మైగ్రేన్, వెన్నునొప్పి ఉన్నవాళ్లు ముందే డాక్టర్ చేత ధ్రువీకరణ పెట్టించుకుంటే చార్ట్‌లోని గడికి వేరే అర్థం వస్తుంది. మామూలు జలుబుకూ రెండు రోజుల విరేచనాలకూ ఈ కవచం పనికిరాదు.

పరిమితి ఎక్కడంటే, ఈ యంత్రాంగమంతా దెబ్బ తగిలాక కట్టే కట్టు లాంటిది. ‘ముందు చెప్పినట్టు చెయ్యి, తర్వాత ఫిర్యాదు చేసుకో’ అన్నదే అక్కడి పని సూత్రం. నెలల తర్వాత మెమో రద్దవుతుంది. కానీ ఆ నెలలన్నీ ఆ మనిషి ఒంట్లో బాగాలేకపోయినా టెన్షన్‌తో డ్యూటీకి వస్తూనే ఉంటాడు. మెమోను కొట్టేయించగల యూనియన్, రాని మనిషి రూట్ చూసే ఏడో మనిషిని మాత్రం తెచ్చి పెట్టలేకపోతోంది.

ఎక్కువ నలిగేది తాత్కాలికులే

సిటీ క్యారియర్ అసిస్టెంట్లు అనే తాత్కాలిక వర్గం ఇదే ఆఫీసుల్లో పనిచేస్తుంది. పర్మనెంట్‌కు ముందు మెట్టు ఇది. వీళ్లూ యూనియన్ పరిధిలోకే వస్తారు. వీళ్లకు వార్షిక సెలవు జమవుతుంది తప్ప సిక్ లీవు లేదు. 90 పని దినాలు గానీ 120 క్యాలెండర్ రోజులు గానీ, ఏది ముందైతే అది పూర్తయ్యే వరకు తొలగింపును ఫిర్యాదు ద్వారా సవాలు చేసే దారి కూడా లేదు. 2013 నవంబర్‌లో మొదలైన అమెజాన్ ఆదివారపు డెలివరీల భారం ఎక్కువగా వీళ్ల మీదే పడింది. పర్మనెంట్ క్యారియర్ పడుకున్న రూట్‌కు వెళ్లేదీ వీళ్లే. ఇంకొకరి జబ్బుకు ఆసరాగా నిలబడే మనిషికి తన జబ్బుకు ఆసరా లేదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇది కొద్దికాలం మారింది. ఈ తాత్కాలికులకు కూడా 80 గంటల జీతంతో కూడిన ప్రత్యేక సెలవు ఇచ్చేలా యూనియన్, యాజమాన్యం ఒప్పందం చేసుకున్నాయి. మరుసటి ఏడాది ఫెడరల్ చట్టం ద్వారా మరో అత్యవసర సెలవు వచ్చింది, 2021 సెప్టెంబర్‌తో ముగిసింది. ఆ రెండేళ్లూ ‘జబ్బుగా ఉంటే రావద్దు’ అన్నదే అధికారిక మాట. గడువు ముగిసింది, పాత చార్ట్ తిరిగొచ్చింది. డబ్బు కేటాయిస్తే పద్ధతి మారుతుందని ఆ అనుభవం చూపించింది.

ఎండ దెబ్బ: ఎవరి తప్పు?

ఇదే గొడవ ఎండాకాలంలో ప్రాణాల మీదికి వస్తుంది. పోస్టల్ సర్వీసు వాడే తెల్లటి చిన్న బండ్లు 1987-94 మధ్య తయారైనవి. వాటిలో ఏసీ లేదు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లకు ఉత్తరాలు తెచ్చేది చాలా చోట్ల ఈ బండ్లే. 2023 జూన్‌లో తీవ్రమైన వేడి రోజున డాలస్‌లో ఒక లెటర్ క్యారియర్ తన రూట్‌లోనే కుప్పకూలి చనిపోయారు. క్యారియర్ చేతిలోని స్కానర్ జీపీఎస్ ద్వారా అతను ఎక్కడ ఎంతసేపు ఆగాడో నమోదు చేస్తుంది. ఆ ఆగడాన్ని ‘స్టేషనరీ ఈవెంట్’ అంటారు. నీళ్లు తాగడానికి చెట్టు కింద నిలబడ్డా తర్వాత సంజాయిషీ చెప్పాల్సి వస్తుందన్న భయం ఉన్నచోట, కళ్లు తిరిగినా ఆగకుండా నడుస్తారు.

ప్రైవేటు పార్సిల్ సంస్థ యూపీఎస్‌లో ఇదే సమస్య వేరే దారి పట్టింది. అక్కడ సుమారు 3,40,000 మంది టీమ్‌స్టర్స్ యూనియన్ సభ్యులు. వాళ్లకు సమ్మె హక్కు ఉంది. 2023లో సమ్మె అంచుదాకా వెళ్లి కుదిరిన ఒప్పందంలో 2024 జనవరి 1 తర్వాత కొనే డెలివరీ బండ్లకు ఏసీ ఉండాలని రాయించుకున్నారు. ఆగస్టులో సభ్యులు 86 శాతానికి పైగా ఓట్లతో దాన్ని ఆమోదించారు. పాత బండ్లకు దక్కింది ఫ్యాన్లు, వేడిని అడ్డుకునే షీల్డులే. పోస్టల్ సర్వీసులో కూడా ఏసీ ఉన్న కొత్త బండ్లు 2024 నుంచి వస్తున్నాయి.

వేడి మీద దేశవ్యాప్త నిబంధనను అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2024 ఆగస్టులో ప్రతిపాదించింది. వేడి సూచిక (ఉష్ణోగ్రత, తేమ కలిపి వేసే లెక్క) 90 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 32 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ప్రతి రెండు గంటలకు 15 నిమిషాల విరామం తప్పనిసరి అన్నది అందులో ముఖ్యాంశం. అది అమల్లోకి వస్తే ఆగడం హక్కవుతుంది.

బ్రిటన్‌లో మూడు మెట్లు

బ్రిటన్ తపాలా సంస్థ రాయల్ మెయిల్‌లో లెక్క దాపరికం లేకుండా ఉంటుంది. అక్కడ ఏళ్ల తరబడి నడిచిన హాజరు విధానంలో 12 నెలల్లో నాలుగుసార్లు లేదా 14 రోజులు రాకపోతే మొదటి సమీక్ష. ఆ తర్వాత ఆరు నెలల్లో రెండుసార్లు లేదా 10 రోజులైతే రెండోది. మళ్లీ అంతే అయితే తొలగింపు పరిశీలన. అంకెలు ముందే తెలియడం వల్ల మేనేజర్ ఇష్టారాజ్యానికి కొంత కళ్లెం పడుతుంది. కానీ అంకె దాటగానే సమీక్షకు పిలుపు వస్తుంది కాబట్టి, పదమూడో రోజున ఇంకా కోలుకోని మనిషి కూడా లేచి బయల్దేరతాడు. 2022లో 18 రోజుల సమ్మెకు దారితీసిన వివాదంలో జీతాలతో పాటు సిక్ పే కోత కూడా సీడబ్ల్యూయూ యూనియన్ ఆరోపణల్లో ఉంది. చట్టపరంగా అయితే బ్రిటన్ ఒక అడుగు ముందుకు వేసింది. మొదటి మూడు రోజులకు సిక్ పే లేదన్న పాత షరతును తీసేసేలా 2025లో చట్టం చేసింది.

మన పల్లెలో: బదులు మనిషిని నువ్వే తెచ్చుకో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఉత్తరాలు చేరవేసే గ్రామీణ డాక్ సేవకుల విషయంలో ఈ ఖర్చు ఎవరిదన్నది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దేశంలో వీళ్లు రెండున్నర లక్షల మందికి పైగా ఉంటారు. వీళ్లది సివిల్ పోస్టేనని, అంటే ప్రభుత్వ పదవేనని సుప్రీంకోర్టు 1977లో రాజమ్మ కేసులో చెప్పింది. అయినా వీళ్లు పోస్టల్ శాఖ రెగ్యులర్ సర్వీసు బయటే ఉన్నారు. ఏడాదికి 20 రోజుల పెయిడ్ లీవు, 5 రోజుల అత్యవసర సెలవు ఉన్నాయి. అనారోగ్యానికంటూ వేరే సెలవు లేదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు.

ఒక్కరే పనిచేసే బ్రాంచి పోస్టాఫీసులో సేవకుడికి టైఫాయిడ్ వస్తే ఏం జరుగుతుందో చూద్దాం. పోస్టాఫీసు మూయడానికి లేదు. బదులు మనిషిని తానే వెతికి, పై అధికారి ఒప్పుకోలు తీసుకోవాలి. చాలా ఊళ్లలో ఆ బదులు మనిషి భార్యో, తమ్ముడో, కొడుకో. ఆ మనిషి లెక్కలో పొరపాటు చేసినా, నగదు తక్కువ వచ్చినా బాధ్యత మంచం మీద ఉన్న సేవకుడిదే. అందుకే సెలైన్ పెట్టించుకుని వచ్చి మరీ సాయంత్రం క్యాష్ లెక్క తానే సరిచూసుకునే సేవకులు ఉన్నారు. అమెరికాలో ఓవర్‌టైం రూపంలో యాజమాన్యానికి తగిలే ఖర్చు ఇక్కడ ఆ కుటుంబం మీద పడుతుంది. మేనేజర్ కోప్పడాల్సిన అవసరం కూడా రాదు.

ఎనిమిది గంటల పని, పింఛను, వైద్య సదుపాయం కోరుతూ వీళ్ల యూనియన్లు 2023 డిసెంబర్ 12 నుంచి సమ్మెకు దిగాయి. అంతకు ముందు 2018లో రెండు వారాలకు పైగా చేసిన సమ్మె తర్వాత అలవెన్సులు పెరిగాయి. బదులు మనిషి నిబంధన మాత్రం సేవకుడి నెత్తిమీదే ఉండిపోయింది. రెగ్యులర్ పోస్ట్‌మ్యాన్ల కోసం శాఖలో ‘లీవ్ రిజర్వ్’ పోస్టులనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. సెలవు పెట్టినవాళ్ల బీట్ (బట్వాడా దారి) చూడటానికే అదనంగా పెట్టుకునే మనుషులు వాళ్లు. పైన చెప్పిన ముప్పై డ్యూటీల లెక్కలో లోటుగా ఉన్న ఏడో మనిషి ఆ లీవ్ రిజర్వే.

హైదరాబాద్‌లో చార్టే లేదు

ఫుడ్ డెలివరీ, క్విక్ కామర్స్ యాప్‌లలో 3972 లాంటి ఫారం లేదు, మెమో లేదు, డాక్టర్ కాగితం అడిగే సూపర్‌వైజర్ లేడు. లాగిన్ కాకపోతే ఆ రోజు ఆదాయం లేదు, అంతే. వారం టార్గెట్‌తో ముడిపడిన ఇన్సెంటివ్ ఉంటే రెండు రోజుల డెంగీ జ్వరం వారమంతా పడ్డ కష్టాన్ని తుడిచిపెట్టేయగలదు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఉంది, సమ్మెలు చేస్తోంది. కానీ వీళ్లను ఉద్యోగులుగా కాకుండా ‘పార్ట్‌నర్లు’గా చూపించడంతో బేరమాడటానికి ఎదురుగా యజమాని ఉండడు, సవాలు చేయడానికి శిక్షా పత్రం ఉండదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సామాజిక భద్రతా కోడ్ ప్రకారం యాప్ సంస్థలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి చెల్లించాలి. అది గిగ్ కార్మికులకు ఇచ్చే మొత్తంలో 5 శాతం మించనక్కర్లేదు. ప్రమాద బీమా, ఆరోగ్యం, వృద్ధాప్య రక్షణ లాంటి పథకాలకు ఆ నిధి వాడవచ్చు. ఆసుపత్రి బిల్లుకు ఇందులో దారి ఉంది. జ్వరంతో బైకు తీయలేని మంగళవారానికి సంపాదన ఎవరిస్తారన్న ప్రశ్నకు ఆ కోడ్‌లో సమాధానం రాయలేదు.